అపార్ట్‌మెంట్ల కింది ఊరికి పటం గీసిన తీరు

బెంగళూరు తూర్పున వర్తూరు హోబళిలో (హోబళి అంటే తాలూకాలో ఒక భాగం) ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం మాట్లాడే కుటుంబాలున్న ఊళ్ళు చాలా ఉన్నాయి. మాదీ అలాంటిదే. ఊరివాళ్ళు ఇప్పటికీ అక్కడే ఉన్నారు, ఊరు మాత్రం లేదు. 1990ల చివర్లో వైట్‌ఫీల్డ్ వైపు ఐటీ ఆఫీసులు వచ్చాక రాగి చేలు, ద్రాక్ష తోటలు సైట్లయ్యాయి. 2007లో ఏడు నగరసభలు, ఒక పురసభ, 110 గ్రామాలు కలిపి బీబీఎంపీ (బెంగళూరు మహానగర పాలికె) చేసినప్పుడు ఊరు వార్డయింది. 2025లో ఆ బీబీఎంపీ కూడా ఐదు కార్పొరేషన్లుగా విడిపోయింది.

పాత ఊరు గుర్తొచ్చినప్పుడు అందరూ ముందు ఫోటోల కోసం బీరువాలు వెతుకుతారు. వాటివల్ల ఒరిగేది తక్కువ. పెళ్ళి ఫోటోలో వెనక మట్టిగోడ కనబడుతుంది గాని ఆ గోడ ఏ ఓణిలో (సందులో) ఉండేదో చెప్పేవాళ్ళు ఉండరు. నా లెక్కలో ఊరిని మళ్ళీ నిలబెట్టేవి రెండే: నీళ్ళు పారిన దారి, పొలాల గట్లు. ఆ రెండూ సర్కారు కాగితాల్లో దొరుకుతాయి. మిగతాది పెద్దవాళ్ళ నోటిలో ఉంది. రెంటినీ కలిపి పటం గీసే పని మా ఊరి కుటుంబాలవాళ్ళం కొందరం పెట్టుకున్నాం. గుంజూరు, పాణత్తూరు, కాడుగోడి, సర్జాపుర వైపు ఇంకెవరైనా ఇదే పనికి దిగితే దారి తెలుస్తుందని రాస్తున్నాను.

మొదటి కాగితం రెవెన్యూ గ్రామ పటం. కర్ణాటక భూదాఖలాల శాఖ వెబ్‌సైటులో జిల్లా, తాలూకా, హోబళి, ఊరు ఎంచుకుంటే పీడీఎఫ్ దిగుతుంది. సర్వే నంబర్ల హద్దులు, చెరువు, కాలువలు, బండిదారులు, కాలిబాటలు, బావులు, గుళ్ళు, గుండుతోపు (ఊరుమ్మడి చెట్లతోపు) అన్నీ గుర్తులతో ఉంటాయి. మన ఊరి పటం ఒక్కటే దించుకుంటే చాలదు, చుట్టూ ఆనుకున్న ఊళ్ళవన్నీ కావాలి. మన చెరువుకు నీళ్ళు తెచ్చే కాలువ పక్క ఊళ్ళో పుడుతుంది, మరవ (అలుగు) దాటిన నీళ్ళు ఇంకో ఊరికి పోతాయి. ఒక్కోచోట చెరువు మన ఊరి పటంలోనే ఉండదు. బెళ్ళందూరు చెరువు ‘బెళ్ళందూరు అమానికెరె’ అనే పేరుతో విడిగా ఒక రెవెన్యూ గ్రామం. ఇది తెలియనివాళ్ళు చెరువే మాయమైందని కంగారు పడతారు.

పాత కాగితాల్లో తాలూకా పేరు కూడా వేరుగా ఉంటుంది. వర్తూరు హోబళి ఒకప్పుడు బెంగళూరు దక్షిణ తాలూకా, ఇప్పుడు బెంగళూరు తూర్పు. పాత రిజిస్ట్రేషన్ పత్రాలు, చేతిరాత పహణీలు (పొలం ఎవరిది, ఏ పంట అన్నది రాసే రికార్డులు) వెతికేటప్పుడు దక్షిణ తాలూకా అని రాయకపోతే అర్జీ వెనక్కి వస్తుంది.

ఈ పటాల స్కేలు 1:7920. అంటే అంగుళానికి 660 అడుగులు, మైలుకు ఎనిమిది అంగుళాలు. దీనివల్ల ఒక సుఖముంది: పటం మీద ఒక చదరపు అంగుళం సరిగ్గా పదెకరాలు. పారదర్శక కాగితం మీద అంగుళం గళ్ళు గీసి పటం మీద పెడితే తోపు ఎంత, గోమాళం (పశువుల మేతకు వదిలిన నేల) ఎంత అన్నది కంటితోనే అంచనా కట్టొచ్చు. అయితే పీడీఎఫ్‌ను ‘ఫిట్ టు పేజ్’ పెట్టి ప్రింటు తీస్తే ఈ లెక్క పాడవుతుంది. అసలు సైజులో తీయించి, మార్జిన్‌లోని స్కేలు గీతను రూళ్ళకర్రతో కొలిచి చూసుకోవాలి. ఇంకొకటి. ఈ స్కేలులో కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద దాదాపు 8 మీటర్లు. గీత మందమే నాలుగు మీటర్లు మింగేస్తుంది. ‘మా ఇంటి గడప ఇదిగో, ఈ లిఫ్టు ఉన్నచోట’ అని ఈ పటం చూపించి చెప్పేవాళ్ళను నమ్మక్కర్లేదు.

అంతకంటే కచ్చితమైన కొలత కావాలంటే టిప్పణి తీయించాలి. ఒక్కో సర్వే నంబరును గొలుసుతో కొలిచి రాసిన కాగితం అది. మొదటి సర్వేది మూల టిప్పణి, తర్వాత అన్నదమ్ములు పంచుకుని విడగొట్టినప్పటిది హిస్సా టిప్పణి. తాలూకా భూదాఖలాల సహాయ నిర్దేశకుల కార్యాలయంలో (అందరూ ఏడీఎల్ఆర్ ఆఫీసు అంటారు) అర్జీ పెట్టుకుని నకలు తీసుకోవచ్చు. టిప్పణి బొమ్మ స్కేలుకు గీసింది కాదు. బొమ్మను కాకుండా దానిమీద రాసిన అంకెలను నమ్మాలి. కొలతలు గొలుసులు, అణాల్లో ఉంటాయి. ఒక గొలుసు 33 అడుగులు, అందులో 16 అణాలు, అంటే అణాకు రెండడుగుల చిల్లర. 5 గొలుసుల 4 అణాలంటే 173 అడుగుల మూడంగుళాలు, మీటర్లలో 52.8. ఇంజనీరింగు చదివిన పిల్లలు గొలుసనగానే 66 అడుగులు వేసుకుంటారు, పొలం రెండింతలు పొడుగు తేలుతుంది. గుంట లెక్క గుర్తుంటే పొరపాటు పడరు: 33 అడుగులు పొడవు, 33 అడుగులు వెడల్పు ఉన్నది గుంట, 1089 చదరపు అడుగులు, 40 గుంటలు ఎకరం. ఇప్పుడు జనం కలలు కనే ముప్పై-నలభై సైటు 1200 అడుగులు, గుంటకు కాస్త ఎక్కువ.

టిప్పణితో పాటు ఆకారబంద్ కూడా అడగాలి. ఏ సర్వే నంబరు మొత్తం విస్తీర్ణం ఎంత, అందులో ఖరాబు ఎంత అన్నది అందులో ఉంటుంది. ‘అ’ ఖరాబు సాగుకు పనికిరానిది, బండలూ గుట్టలూ లాంటిది. ‘బ’ ఖరాబు ఊరుమ్మడి అవసరానికి వదిలినది: దారి, కాలువ, కుంట, శ్మశానం. పాత ఊరి కోసం వెతికేవాళ్ళకు ఈ ‘బ’ ఖరాబే నిధి. ఒక సర్వే నంబరులో నాలుగు గుంటల ‘బ’ ఖరాబు కనబడిందంటే అక్కడ ఏదో ఉండేదన్నమాట. అదేమిటని పెద్దవాళ్ళను ఆ నంబరు పట్టుకుని అడగొచ్చు.

పహణీలు (ఆర్‌టీసీలు) కంప్యూటరెక్కినవి ‘భూమి’ అనే సర్కారు పథకం వచ్చాకే. అంతకుముందువి చేతిరాతవి, తాలూకా రికార్డు గదిలో ఉంటాయి. వాటిలో మనకు కావలసింది యజమాని పేరుకంటే పంటల గడి. రాగి, అవరె (అనుములు), హుచ్చెళ్ళు (వెర్రినువ్వులు), తర్వాత ద్రాక్ష, ఆ తర్వాత నీలగిరి. ఆ వరసలోనే ఊరు చేతులు మారిన కథంతా కనిపిస్తుంది. నీలగిరి వేశారంటే సేద్యం మీద ఆశ వదులుకున్నట్టే. కాకపోతే పోయినేడు రాసిన పంటే ఈ యేడూ ఎత్తిరాసిన పహణీలు ఉంటాయి. వరసగా పదేళ్ళు అక్షరం మారకుండా ఒకే పంట ఉంటే దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు.

అర్జీకి జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగాలి. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. కర్ణాటకలో ఒక మెలిక ఉంది: అర్జీ 150 మాటలు దాటకూడదు, ఒకే విషయం అడగాలి. టిప్పణి, ఆకారబంద్, పహణీ మూడూ ఒకే కాగితంలో అడిగితే తోసిపుచ్చడానికి వీలు చిక్కుతుంది. వేరువేరుగా పెట్టడమే నయం. చేతిరాత కన్నడం చదవడం తెలుగువాళ్ళకు మరీ కష్టం కాదు గాని అంకెల దగ్గర తికమక పడతాం. పాత రాతలో రెండు, మూడు, ఆరు ఒకదానిలాగే ఇంకొకటి ఉంటాయి. ఆకారబంద్‌లోని మొత్తంతో కూడి చూస్తే ఏది ఏదో తేలిపోతుంది.

ఇక సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే పటాలు. ఒక్కోదానికి ఒక నంబరుంటుంది. బెంగళూరు దక్షిణ సగం 57హెచ్/9, ఉత్తర సగం 57జీ/12. వర్తూరు 57హెచ్/9లో తూర్పు అంచుకు పడుతుంది. వైట్‌ఫీల్డ్ సరిగ్గా 77 డిగ్రీల 45 నిమిషాల రేఖాంశం మీద కూర్చుంది కాబట్టి ఆ చుట్టుపక్కల ఊళ్ళు రెండు షీట్లకు చీలిపోతాయి, పక్కనున్న 57హెచ్/13 కూడా తీసుకోవాలి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికేవి కొత్త ముద్రణలు, వాటిలో ఊరు అప్పటికే సగం పట్నం. 1970ల ముద్రణ కోసం కాలేజీ భూగోళశాస్త్ర విభాగాల లైబ్రరీలు అడగాలి. టోపో షీటు సర్వే నంబర్లు చెప్పదు, కాని నేల వాలు చెబుతుంది. నీళ్ళు ఏ గుట్ట మీంచి ఏ చెరువుకు దిగేవో తెలుసుకోవడానికి దాన్ని మించింది లేదు.

ఆకాశం నుంచి తీసిన బొమ్మలంటే అందరూ గూగుల్ ఎర్త్‌లో పాత తేదీకి వెళ్ళి చూస్తారు. అక్కడ స్పష్టంగా ఉండేవి 2000 తర్వాతవే. అంతకు చాలా ముందువి అమెరికా గూఢచర్య ఉపగ్రహాల ఫోటోలు, 1960 నుంచి 1972 వరకూ తీసిన ‘కరోనా’ ఫిల్ములు. 1995లో వాటిని బయటపెట్టారు. యూఎస్‌జీఎస్ వారి ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లో వెతకొచ్చు. ఎవరో ఒకరు ముందే స్కాన్ చేయించిన ఫ్రేములు ఉచితం, చేయించనివాటికి ఫ్రేముకు 30 డాలర్లు. మంచి కెమెరా తీసినవాటిలో రెండు మీటర్ల వస్తువు వరకూ ఆనవాలు పట్టొచ్చు, పెద్ద బావి, కట్ట, తోపు దొరుకుతాయి. డబ్బు కట్టేముందు చిన్న బొమ్మలో మబ్బులు చూసుకోవాలి, తేదీ చూసుకోవాలి. మా వైపుకు ఫిబ్రవరి, మార్చి బొమ్మలు మేలు. ఆకాశం తేటగా ఉంటుంది, చెరువు నీళ్ళు తగ్గి కట్ట, తూము బాగా తేలతాయి.

ఇవన్నీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టడం క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో చేశాం. పీడీఎఫ్‌ను 300 డీపీఐ టిఫ్‌గా మార్చి జియోరిఫరెన్సర్‌లో (పటాన్ని నేల మీది చోటుకు కుదిర్చే భాగం) తెరవాలి, అక్షాంశ రేఖాంశాల పద్ధతిగా ఈపీఎస్‌జీ 32643 ఎంచుకోవాలి. అది యూటీఎం 43వ మండలం, బెంగళూరుకు సరిపోయేది. చెన్నైవాళ్ళయితే 44వ మండలం, 32644. తర్వాత పాత పటంలోనూ ఇప్పటి ఉపగ్రహ చిత్రంలోనూ కనిపించే ఒకే బిందువులను జత కలపాలి. పనంతా ఇక్కడే ఉంది. రోడ్ల కూడళ్ళు తీసుకోవద్దు. అవి వెడల్పు చేసినప్పుడు ఒక పక్కకే జరుగుతాయి. చెరువుకట్ట రెండు కొసలు, పాత గుడి, గుట్ట మీది బండ, పాత రైలుకట్ట, మూడు ఊళ్ళ ఎల్లలు కలిసే చోటు, ఇలా కదలనివి వెతకాలి. ఎల్లరాయి ఇంకా నేలలో ఉందేమో వెళ్ళి చూడాల్సిందే. దిశాంక్ అనే కర్ణాటక సర్కారు యాప్ ఫోనులో నడుపుకుంటూ వెళితే నిలబడ్డ చోటు ఏ సర్వే నంబరో చూపిస్తుంది. రాయి దగ్గరకు చేరేంతవరకు చాలు, కొలతకు మాత్రం అదొక్కటే పట్టుకోకూడదు.

పటాన్ని తిప్పి, సాగదీసి కూర్చోబెట్టే లెక్కను పాలినామియల్ అంటారు. కనీసం మూడు బిందువులుంటే మొదటి తరహాది, ఆరుంటే రెండో తరహాది పనిచేస్తుంది. మేము ఊరి నలుమూలలా పరిచి పది దాటేటట్టు చూసుకున్నాం. మొదట పాలినామియల్ 1 పెట్టి ఏ బిందువు దగ్గర తేడా ఎక్కువ చూపిస్తోందో చూడాలి. ఒక్కటి మాత్రం ముప్పై నలభై మీటర్లు తప్పిందంటే ఆ జతే తప్పు, తీసేయాలి. అన్నీ సమానంగా తప్పుతుంటే కాగితం సాగిందన్నమాట. దశాబ్దాలు మడతల్లో ఉన్న పటం ఒక దిక్కున ఎక్కువ, ఒక దిక్కున తక్కువ సాగుతుంది. అప్పుడు ‘థిన్ ప్లేట్ స్ప్లైన్’ వాడతారు. నలిగిన చీరకు మేకులు కొట్టి చదును చేసినట్టు అది ప్రతి బిందువునూ బలవంతంగా సరిపెట్టేస్తుంది. అందుకే దానితో మొదలుపెట్టకూడదు: తప్పు జత ఉన్నా తేడా సున్నా అనే చూపిస్తుంది, మేకుల మధ్య మాత్రం పొలాలు వంకర పోతాయి.

పటం సరిగ్గా కూర్చున్నాక కనిపించేది చూసి తీరాలి. అపార్ట్‌మెంట్ల ప్రహరీలు పాత గట్ల మీదే ఉన్నాయి. బిల్డర్లు భూమిని సర్వే నంబర్ల లెక్కన కొన్నారు, కొన్నంతవరకే గోడ కట్టారు. ఊరంతటికీ కలిపి వీధుల పథకం వేసినవాళ్ళు లేరు. కాబట్టి పాత బండిదారి తారు పోసుకుని మెయిన్‌రోడ్డయింది, దాని మలుపులన్నీ ఎవరెవరి మడిగట్లో చుట్టుకుపోయిన ఎద్దులబండి మలుపులే. వర్తూరు రోడ్డు మీద కార్లలో కూర్చుని రోడ్డు ఇంత ఇరుకేమిటని తిట్టుకునేవాళ్ళకు నా జవాబు ఇదే. ఆ దారి రెండు బండ్లు ఎదురెదురుగా తప్పుకోవడానికి వదిలింది. కాలువల సంగతి ఇంకా చెప్పక్కర్లేదు. 2022 సెప్టెంబరు వానలకు మా పక్క బేస్‌మెంటులో నీళ్ళు నిలిచిన చోటును పాత పటం మీద చూస్తే అక్కడ ‘బ’ ఖరాబు కాలువ ఉంది.

ఇంతవరకూ పొలాల సంగతి. ఊరు నడిబొడ్డు, అంటే ఇళ్ళున్న గ్రామఠాణా, రెవెన్యూ పటంలో ఖాళీగా ఉంటుంది. చుట్టూ ఒక గీత, లోపల ఊరిపేరు, అంతే. సాగుభూమి కాదు కాబట్టి భూమి శిస్తు లేదు, శిస్తు లేదు కాబట్టి సర్వే నంబర్లు లేవు. మనం ఎక్కువగా తలుచుకునే చోటే సర్కారుకు అక్కర్లేకపోయింది.

ఆ ఖాళీని నింపేది చెక్కుబందీ, అంటే పత్రంలో రాసే నాలుగు హద్దులు. ఏ క్రయపత్రం చూసినా, పారీఖత్తు (పంపకాల పత్రం) చూసినా చివర షెడ్యూలు ఉంటుంది: తూర్పుకు ఓణి, పడమరకు ఫలానావారి కొట్టం, ఉత్తరానికి ఫలానావారి ఖాళీ జాగా, దక్షిణానికి మారెమ్మ గుడికి పోయే దారి. ఒక్కో ఇంటికి ఒక అట్టముక్క కోసి, నడుమ ఇంటివారి పేరు, నాలుగు అంచుల్లో నాలుగు హద్దులు రాసి, నేల మీద పరిచి జత కలుపుతూ పోవాలి. ఓణి, గుడి, రచ్చకట్ట, బావి పేరు వచ్చిన ముక్కలను ముందు పెట్టాలి, ఎందుకంటే అవి స్థిరం. మనుషుల పేర్లున్నవి తర్వాత. పాత పంచాయతీ డిమాండు రిజిస్టరు (ఇంటిపన్ను పుస్తకం) దొరికితే ఇళ్ళ వరస తేలిగ్గా తెలుస్తుంది. పన్ను వసూలుకు వెళ్ళినవాడు ఓణి వెంబడి వరసగానే రాసుకుంటాడు గదా.

ఇక్కడ మోసం చేసేవి మూడు. చెక్కుబందీని పత్రం రాసేవాళ్ళు వెనకటి పత్రం చూసి ఎత్తిరాస్తారు. 1985 పత్రంలో పడమటి హద్దుగా ఉన్న మనిషి 1960లోనే పోయి ఉండొచ్చు. కాబట్టి పక్కింటివారి పేరుకు ఆ పత్రం తేదీ వేయకూడదు, ‘అంతకుముందు’ అని మాత్రం రాసుకోవాలి. రెండోది, దిక్కులు. ఓణి ఈశాన్యంగా సాగుతున్నా పత్రంలో తూర్పు, పడమర అనే రాస్తారు. వరసను నమ్మాలి, దిక్కును నమ్మకూడదు. మూడోది కొలత. ‘రెండంకణాల ఇల్లు’ అని ఉంటుంది. అంకణం అంటే స్తంభానికీ స్తంభానికీ నడుమ జాగా, ఇంటింటికీ దూలం పొడవును బట్టి మారుతుంది. దాన్ని అడుగుల్లోకి మార్చి గీస్తే ఓణి మూసుకుపోతుంది. మేము ఆ ఇళ్ళను స్కేలు లేకుండా వరస చూపే డబ్బాలుగానే ఉంచాం.

పత్రం నంబర్లు తెలియకపోతే ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయాలి. కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్లో 2004 ఏప్రిల్ 1 నుంచి ఉన్నవే దొరుకుతాయి, వెనకటివాటికి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో చేతిరాత పుస్తకాలు వెతికించాలి. ఇళ్ళలో ట్రంకుపెట్టెల్లో ఉన్న పత్రాలే ఎక్కువ పనికొస్తాయి. అడిగినప్పుడు షెడ్యూలు ఉన్న పుట మాత్రం ఫోటో తీసుకుంటామని చెప్పాలి. పత్రం మొత్తం ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు, ఇవ్వకపోవడమే సబబు.

పెద్దవాళ్ళను అడగడం మామూలు పని కాదు. ప్రింటు తీసిన పటం చేతికిస్తే చూసి పక్కన పెడతారు. ఉత్తరం పైకి ఉన్న కాగితం వాళ్ళ ఊరు కాదు. వసారాలో సుద్దముక్కతో ముందు చెరువుకట్ట గీయాలి, వాళ్ళు కూర్చున్న వైపు నుంచి ఎలా కనబడుతుందో అలా. తర్వాత తూము గుర్తు పెట్టి నీళ్ళ సంగతి అడగాలి. ‘పెద్దమ్మా, తూము తీస్తే నీళ్ళు ముందు ఎవరి మడికి పారేవి?’ అనగానే ఒకావిడ కుర్చీ దిగి నేలమీద కూర్చుంది. సుద్ద లాక్కుని మేము గీసిన తూమును అరచేత్తో తుడిచేసి జానెడు పక్కకు పెట్టింది. ‘ఈడ గాదు నాయనా, ఆ చింతమాను కింద. పై తూము అది. దీనెనకాల దిగవ తూము’ అంటూ కాలువ గీసుకుంటూ పోయి, మడి మడికీ ఆగి పేరు చెప్పింది. కోడిమడి, బావిమడి, పూజారోళ్ళ మడి. ‘మీ ఇల్లెక్కడుండేది’ అని అడిగితే ఒక్క మాట వస్తుంది. నీళ్ళెటు పోయేవంటే వరస వస్తుంది. పశువులు పొద్దున ఏ బాటన పోయేవి, పీనుగ ఏ దారిన పోయేది, రథం ఎక్కడ తిరిగేది అన్నవి కూడా అలాంటి ప్రశ్నలే. అన్నీ దారుల గురించే.

యేడు అడిగితే చెప్పలేరు. ‘ఎమర్జెన్సీకి ముందా తర్వాతా, ఇందిరమ్మ పోయినప్పుడు ఆ బావిలో నీళ్ళున్నాయా, రాజీవ్ గాంధీ పోయిన యేడు తోపు ఉందా’ అని అడిగితే 1975, 1984, 1991 అనే మూడు గుంజలు దొరుకుతాయి, మిగతావి వాటి మధ్య కట్టేయొచ్చు.

మగవాళ్ళనే అడిగితే సగం ఊరు పోతుంది. మంచినీళ్ళ బావి ఏది, చాకిరేవు ఏది, ఎక్కడ గిలక ఉండేది, ఎక్కడ చేంతాడు మోసుకుపోవాల్సి వచ్చేది ఆడవాళ్ళకే తెలుసు. ఇంకో సగం దళితవాడలో ఉంది. నీరుగంటి (చెరువు నీళ్ళు వదిలే పని), తోటి, తలారి పనులు చేసిన కుటుంబాలకు కట్ట మీద ప్రతి రాయీ తెలుసు. ఆ వంశపారంపర్య పనులను కర్ణాటక 1961 చట్టంతో రద్దు చేసింది గాని పహణీల్లో ‘నీరుగంటి ఇనాం’, ‘తోటి ఇనాం’ అనే మాటలు ఇంకా తగులుతాయి. మా పటంలో రెండు బావులు రెండు రంగుల్లో ఉన్నాయి, ఏ బావిలో ఎవరు తోడుకునేవాళ్ళో రాసి ఉంది. ‘అవన్నీ ఇప్పుడెందుకు’ అన్నవాళ్ళున్నారు. ఊరందరికీ ఒకే బావి గీస్తే అది మా ఊరి పటం కాదు.

నోటిమాటకూ కాగితానికీ పడకపోతే రెండింటి తేదీ చూడాలి. ఒక కుంట పెద్దవాళ్ళందరికీ గుర్తుంది, పటంలో లేదు. పటం మార్జిన్‌లో సర్వే యేడు ఉంటుంది, ఆ కుంట తర్వాత తవ్వింది కావచ్చు. ఇలాంటి తగవులు తీర్చడానికి జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులు బాగా పనికొచ్చాయి. 1961 నుంచి 2011 వరకూ పదేళ్ళకొకటి, సెన్సస్ శాఖ సైటులో ఉచితం. ఊరి వరసలో జనాభా, ఇళ్ళు, బడి, తాగునీటికి బావా చెరువా అన్నది ఒక్క అక్షరంతో గుర్తు పెట్టి ఉంటుంది. 1986లో జిల్లా రెండుగా చీలింది కాబట్టి 1981 వరకూ ‘బెంగళూరు జిల్లా’ పుస్తకంలోనే వెతకాలి.

రాళ్ళ గురించి ఒక మాట. బీ.ఎల్. రైస్ 1905లో అచ్చువేసిన ఎపిగ్రాఫియా కర్ణాటిక తొమ్మిదో సంపుటం బెంగళూరు జిల్లాది, ఆన్‌లైన్‌లో స్కాన్ దొరుకుతుంది. శాసనంలో ఉన్నది చదవకపోయినా ఫర్వాలేదు. ఏ ఊళ్ళో, ఏ గుడి ముందర, ఎవరి పొలంలో ఆ రాయి ఉందో రాసిన ఒక్క వాక్యం చాలు, వందేళ్ళ కిందటి గుర్తు ఒకటి దొరికినట్టే. వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడికి నిలిపిన రాయి) ఇంకా ఉందంటే బోరుబావి పక్కనో పాలకేంద్రం మెట్టుగానో ఉంటుంది. దాన్ని కదపకుండా, నూనె పసుపు కడగకుండా, ఉన్నచోటి అక్షాంశ రేఖాంశాలు రాసుకోవాలి. బెంగళూరు హెబ్బాళలో క్రీ.శ. 750 ప్రాంతపు కిట్టయ్య వీరగల్లు 2018లో బయటపడింది కాబట్టి ఇంకా దొరకనివి లేవని ఎవరూ అనలేరు.

అచ్చుకు స్కేలు ముందే తేల్చుకోవాలి. ఆరువందల ఎకరాల ఊరు చతురస్రమైతే పక్కకు 1.56 కిలోమీటర్లు. 1:3000లో అది 52 సెంటీమీటర్లు, ఏ1 కాగితం మీద పక్కన వివరాలకు చోటు మిగులుతుంది. ఫ్లెక్స్ మీద వేయిస్తే ఎండకు రంగు పోతుంది. మేము మంచి కాగితం మీద వేయించి గాజు అద్దం కట్టించాం, గుడి వసారాలో ఎండ పడని గోడకు తగిలించాం. కింద నాలుగు మాటలు పెద్ద అక్షరాల్లో: ‘ఇది హక్కు పత్రం కాదు’. యజమానుల పేర్లు ఎక్కడా వేయలేదు, పాత మడి పేర్లే వేశాం. పేర్లు వేసి ఉంటే వారం తిరక్కముందే కోర్టు వాయిదాకు నకలు అడిగేవాళ్ళు. అసలు ఫైలు జియోప్యాకేజ్‌గా మూడు చోట్ల ఉంది. ఫోనులో చూసుకునే పిల్లలకు కేఎంఎల్ ఫైలు ఇచ్చాం.

పటం కింద దారానికి పెన్సిలు, పక్కన నోటుపుస్తకం కట్టాం. వస్తున్న సవరణల్లో ఎక్కువ కళ్ళాల గురించే. కళ్ళం ఏ రికార్డులోనూ ఉండదు. రాగి కోతలయ్యాక పేడతో అలికి, గుండు తిప్పి, నూర్పిళ్ళు అయిపోగానే వదిలేసే జాగా అది. ఒక్కో కుటుంబం ఒక్కో చోటు చెబుతోంది, కొన్ని ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. ఏ యేడు ఎవరిదో అడిగి, రెండో అచ్చులో తుంపుల గీతతో వేస్తున్నాం.